విజ్ఞానచంద్రికను వెలిగించిన పట్టభద్రుడు
కొమర్రాజు వేంకట లక్ష్మణరావు పంతులుగారి జీవితము

ఖమ్మము జిల్లాలోని నేలకొండపల్లికి రెండు విధములైన ఖ్యాతి కలదు. భద్రాచల రామదాసుగా లోకమెరిగిన కంచర్ల గోపన్న పదునేడవ శతాబ్దమున జన్మించిన యూరు అది. ఊరి వెలుపల నున్న దిబ్బలను చూపి, విరాటరాజు కొలువుదీరినది అచ్చటనే యనియు, పాండవులు అజ్ఞాతవాసము గడపినది ఆ సీమలోనే యనియు జనులు తరతరములుగా చెప్పుకొనుచు వచ్చిరి. 1970, 1980 దశాబ్దములలో పురావస్తుశాఖవారు త్రవ్వి చూడగా, ఇటుకలతో కట్టిన బౌద్ధస్తూపమును, భిక్షువులు నివసించిన కట్టడముల పునాదులును, బుద్ధవిగ్రహములును బయటపడినవి. జనుల నోట నిలిచిన కథ ఒకటి, మట్టిలో దాగిన సాక్ష్యము మరియొకటి. కథను ప్రేమించుట తప్పు కాదు. కాని చరిత్ర కావలెనన్నచో సాక్ష్యము నడుగవలెను.

ఈ పాఠమును తెలుగువారికి తెలుగులోనే నేర్పవలెనని, ఆ త్రవ్వకములకు డెబ్బది యేండ్లు ముందుగా ఒక పట్టభద్రుడు నడుము కట్టెను. ఆయన పుట్టిన యూరును, పని చేసిన సంస్థానమును నేలకొండపల్లికి పొరుగుననే యున్నవి. ఆయనయే కొమర్రాజు వేంకట లక్ష్మణరావు పంతులుగారు.

ఖమ్మమును ఒరసి పారు మున్నేరు దిగువకు సాగి, కృష్ణలో కలియుటకు ముందు పెనుగంచిప్రోలు చెంతగా పోవును. నాటి కృష్ణామండలము నందిగామ తాలూకాలోని ఆ గ్రామమున 1877 మే 18వ తేదీన లక్ష్మణరావుగారు జన్మించిరి. తండ్రి వేంకటప్పయ్యగారు, తల్లి గంగమాంబగారు. ఆ కాలమున మున్నేటి యెగువ నిజాము రాజ్యము, దిగువ ఆంగ్లేయుల చెన్నరాజధాని. భాష ఒక్కటే, ప్రభుత్వములు రెండు. సరిహద్దునకు ఇటు నటు తిరుగుచు పెరిగిన బాలునికి తెలుగు జాతి ఒక్కటేయను భావము పుస్తకములలో చదివి నేర్చుకొనవలసినది కాకపోయెను.

మూడేండ్ల పసితనముననే తండ్రి గతించెను. సవతి అన్నగారి యాదరణలో భువనగిరియందు అక్షరాభ్యాసము, తొలి చదువులు జరిగినవి. అంతలో ఆ కుటుంబమునకు మరియొక ఆశ్రయము లభించెను. లక్ష్మణరావుగారికి మూడేండ్లు పెద్దదియైన అక్క అచ్చమాంబను, మధ్యపరగణాలలో ఇంజనీరుగా నుండిన భండారు మాధవరావుగారికిచ్చి చిన్నతనముననే వివాహము చేసిరి. బావగారు అత్తను, మరదిని నాగపురమునకు రప్పించుకొనిరి. తెలుగునేలకు దూరమై, మరాఠీ మాటలాడు నగరమున లక్ష్మణరావుగారి విద్యాభ్యాసము సాగినది.

ఆ యింట చదువుకొన్నది ఒక్క తమ్ముడే కాదు. బడికి పోవు భాగ్యము లేని అక్క, తమ్ముని పుస్తకముల ప్రక్కన కూర్చుండి చదువు నేర్చినది. తాను నేర్చినదానిని అక్కకు చెప్పుటే లక్ష్మణరావుగారు చేసిన తొలి అధ్యాపకత్వము. తెలుగు, హిందీ తమ్ముని వలన అబ్బినవి. మరాఠీ మున్నగు భాషలను ఆమె స్వయంకృషితో సాధించినది. ఆ చదువు వ్యర్థము కాలేదు. భారతదేశమునందలి ఉత్తమ స్త్రీల చరిత్రములను కూర్చి ఆమె అబలా సచ్చరిత్ర రత్నమాలను రచించినది. 1902లో ఆమె వ్రాసిన ధనత్రయోదశి యను కథను తెలుగున తొలి కథానికలలో నొకటిగా నేటి విమర్శకులు లెక్కింతురు; తొలి కథ అదియే యనువారును కలరు. అదే యేట బందరులో బృందావన స్త్రీల సమాజ స్థాపనకు ఆమె పూనుకొన్నది. బడి గడప త్రొక్కని యొక స్త్రీ ఇంత చేయగలిగినది. సంవత్సరముల తరబడి కళాశాలలో కూర్చుండిన తమ్ముడు ఈ సంగతిని జీవితాంతము మరువలేదు. చదువునకు కావలసినది గోడలు కావు, చేతికందిన పుస్తకమును, దానిని విప్పి చెప్పు స్నేహితుడును అని ఆయనకు తన యింటనే తెలిసినది.

ఆనాడు నాగపురమున విశ్వవిద్యాలయము లేదు. అచ్చటి కళాశాలలు కలకత్తా విశ్వవిద్యాలయమునకు అనుబంధములు. 1900లో లక్ష్మణరావుగారు బి.ఎ. పట్టమును పొందిరి. ఉద్యోగములో చేరిన పిదప, స్వయముగా చదువుకొని 1902లో ఎం.ఎ. పరీక్షయందును ఉత్తీర్ణులైరి. తెలుగు, సంస్కృతము, మరాఠీ, హిందీ, ఇంగ్లీషు భాషలయందు ఆయనకు చక్కని ప్రవేశముండెను. మరాఠీ పత్రికలకు ఆ భాషలోనే వ్యాసములు వ్రాసి అచ్చటి పండితుల మెప్పు పొందిరి.

మహారాష్ట్రదేశమునందలి వాసము ఆయనకొక అసంతృప్తిని మిగిల్చెను. అచ్చట చదువుకొన్నవారు తమ భాషలో చరిత్ర వ్రాయుచుండిరి, దేశస్థితిని చర్చించుచుండిరి, పాత పత్రములను వెదకి తీసి అచ్చు వేయించుచుండిరి. అదే కాలమున తెలుగుదేశమున ఇంగ్లీషు చదివినవారిలో చాలమంది ఉద్యోగములలో స్థిరపడి, తాము నేర్చిన శాస్త్రములను ఇంగ్లీషు గ్రంథములలోనే విడిచిపెట్టుచుండిరి. తెలుగున కావ్యములకు కొదువలేదు, పురాణములకు కొదువలేదు. భౌతికశాస్త్రమన నేమి, రసాయనశాస్త్రమన నేమి, ఇతర దేశముల ప్రజలు స్వాతంత్ర్యము నెట్లు సంపాదించిరి అని తెలిసికొనగోరు తెలుగు విద్యార్థికి మాత్రము తన భాషలో చేతికందు పుస్తకములు మిక్కిలి అరుదు. ఈ కొరతను తీర్చుటకు ఆయన మొదట వ్రాసిన గ్రంథము శివాజీ చరిత్రము. మరాఠీలో తాను చదివి తెలిసికొన్న విషయములను తెలుగువారి ముందుంచిన పుస్తకమది.

మునగాల జమీందారు నాయని వేంకట రంగారావుగారు ఈ యువకుని గుర్తించి తమ సంస్థానమున ఉద్యోగమిచ్చిరి. క్రమముగా దివానుగా చేసికొనిరి. మునగాల పరగణా చిత్రమైన తావు. నాలుగు ప్రక్కల నిజాము రాజ్యము ఆవరించియుండగా, నడుమ అది మాత్రము కృష్ణామండలమునకు చెంది ఆంగ్లేయుల పాలనలో నుండెను. అచ్చటి దివానుకు బెజవాడ, మదరాసులతో ఎంత పనియో హైదరాబాదుతోను అంత పని. లెక్కలు, వ్యాజ్యములు, ప్రయాణములు. వీనిలో మునిగిన మనిషి సాహిత్యమును మరచుటకు కావలసినంత సాకుండెను. లక్ష్మణరావుగారు ఆ ప్రయాణములనే సాహిత్యసేవకు దారిగా మలచుకొనిరి.

అప్పటి హైదరాబాదు రాజ్యమున ప్రజలలో ఎక్కువమంది తెలుగువారు. కాని కచ్చేరీలలోను, ఉన్నత విద్యలోను తెలుగునకు చోటు లేదు. ఊరూర తెలుగు బడులు లేవు. నగరమున తెలుగు పత్రికను చదువుకొనుటకు ఒక గది లేదు. 1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదులో రావిచెట్టు రంగారావుగారి యింట శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. దాని స్థాపనకు ముఖ్యకారకులు లక్ష్మణరావుగారు. మునగాల రాజావారును, భద్రాచల ప్రాంతమునకు పొరుగుననున్న పాల్వంచ సంస్థానాధిపతియు ఆ కార్యమునకు తోడ్పడిరి. కొన్ని పుస్తకములతో, కొలదిమంది చదువరులతో మొదలైన ఆ నిలయము తెలంగాణమున గ్రంథాలయోద్యమమునకు పునాదిరాయి అయినది. 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును, 1905లో సికింద్రాబాదునందు ఆంధ్ర సంవర్ధనీ గ్రంథాలయమును వెలసినవి. తరువాతి కాలమున నిజాము పాలకులు పల్లెలలోని గ్రంథాలయములను సందేహదృష్టితో చూచిరన్నచో, చదువుకొను గదికి గల శక్తి ఎట్టిదో తెలియుచున్నది. తొలి నిలయము నూరేండ్ల పండుగను దాటి నిలిచినది.

ఇంతలో 1905లో ఆ యింట గొప్ప దుఃఖము సంభవించెను. మధ్యపరగణాలలో ప్లేగు వ్యాపించిన దినములవి. రోగులకు పరిచర్య చేయుచు అచ్చమాంబగారు ముప్పది యేండ్ల ప్రాయముననే కన్ను మూసిరి. తన మొదటి శిష్యురాలిని, తనకు వెన్నుదన్నుగా నిలిచిన అక్కను లక్ష్మణరావుగారు కోల్పోయిరి. మరుసటి యేట తమకు కుమార్తె కలుగగా ఆమెకు అచ్చమాంబయని పేరు పెట్టుకొనిరి. ఆ బాలిక పెరిగి వైద్యవిద్య నభ్యసించి డాక్టరైనది. స్వాతంత్ర్యానంతరము 1957లో విజయవాడనుండి లోకసభకు ఎన్నికైనది. ఆడుపిల్లకు చదువెందుకని లోకమడుగు దినములలో ఆ యింటి అక్క ఒక సమాధానము, కుమార్తె మరియొక సమాధానము.

ఆ మరుసటి యేడే, అనగా 1906లో, విజ్ఞానచంద్రికా మండలి హైదరాబాదున ప్రారంభమయ్యెను. లక్ష్మణరావుగారికి తోడుగా గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు, అయ్యదేవర కాళేశ్వరరావుగారు, రావిచెట్టు రంగారావుగారు నిలిచిరి. గ్రంథాలయమున్నంత మాత్రమున చాలదు. అందు చదువదగిన గ్రంథములుండవలెను కదా. మండలివారు తమ పనిని ఒక పద్ధతిలో సాగించిరి. చందాదారులను చేర్చుకొని, వారికి తక్కువ వెలకు క్రమముగా పుస్తకములను పంపుచుండిరి. చరిత్రకు చరిత్ర తెలిసినవారిని, వైద్యమునకు వైద్యుని, ప్రకృతిశాస్త్రమునకు ఆ శాస్త్రము చదివిన పట్టభద్రుని ఆశ్రయించి వ్రాయించిరి. ఇంగ్లీషులో మాత్రమే ఆలోచించుటకు అలవాటుపడిన పట్టభద్రుని చేత తెలుగున వ్రాయించుట సులభమైన పని కాదు. వారు పంపిన ప్రతిని లక్ష్మణరావుగారు చదివి, దిద్ది, పారిభాషికపదములను సరిచూచి అచ్చునకు పంపుచుండిరి. రచయితలుగా పేరొందినవారెందరో ఆ దిద్దుబాటులో తయారైనవారే.

మండలి తొలి ప్రచురణ గాడిచర్లవారి అబ్రహాము లింకను చరిత్ర. బానిసత్వమును రూపుమాపిన అమెరికా అధ్యక్షుని కథను, పరపాలనలో నున్న తెలుగు పాఠకుడు ఏ దృష్టితో చదివియుండునో ఊహించుట కష్టము కాదు. లక్ష్మణరావుగారు స్వయముగా హిందూ మహాయుగము, మహమ్మదీయ మహాయుగము అను చరిత్ర గ్రంథములను రచించిరి. చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రము ఈ గ్రంథమాలలోనే 1910లో వెలువడనారంభించెను. ఆంధ్రుల గతమును శాసనముల యాధారమున వరుసగా చెప్పబూనిన తొలి పెద్ద ప్రయత్నమది. ఆచంట లక్ష్మీపతిగారి శాస్త్రగ్రంథములు, కట్టమంచి రామలింగారెడ్డిగారి అర్థశాస్త్రము వెలువడినవి. చారిత్రక నవలలకును మండలి చోటిచ్చినది. రాజుల పేర్ల జాబితాగా మాత్రమే చరిత్ర నెరిగిన బాలురు ఆ నవలల మూలమున చరిత్రకు దగ్గరైరి.

1908వ సంవత్సరము మండలికి పరీక్షగా వచ్చినది. పత్రికలో ప్రచురించిన యొక వ్యాసమునకు రాజద్రోహనేరము మోపి ప్రభుత్వము హరిసర్వోత్తమరావుగారిని చెరసాలకు పంపెను. కుడిభుజము వంటి మిత్రుడు దూరమయ్యెను. అదే యేట మండలి కార్యస్థానము మదరాసునకు మారినది. అచ్చటనైనచో మంచి ముద్రణాలయములున్నవి, కళాశాలలున్నవి, పండితులున్నారు. అయినను రాజద్రోహి స్నేహితుల సంస్థయను శంక దాని వెంటనే నడచెను. లక్ష్మణరావుగారు జంకి పని మానలేదు. ఆవేశపడి పనిని చెడగొట్టుకొనలేదు. వరుసగా పుస్తకములను వెలువరించుటే ఆ శంకకు ఆయన చెప్పిన జవాబు.

చరిత్ర పరిశోధనలో ఆయన పట్టుదల వేరు. శాసనములను చదువుట నేర్చుకొనిరి. తామ్రపత్రములను, శిలాశాసనములను పరీక్షించిరి. త్రిలింగశబ్దమునకును తెలుగునకును గల సంబంధమెట్టిది, నియోగి వైదిక భేదము ఏ కాలమున ఏర్పడినది అను ప్రశ్నలను వ్యాసములలో చర్చించిరి. అట్టి ప్రశ్నలకు అంతకుముందు సమాధానము పుక్కిటి పురాణములనుండియో, కులాభిమానమునుండియో వచ్చుచుండెడిది. లక్ష్మణరావుగారు కాలక్రమమును, లిపిని, వ్యాకరణమును, శాసనసాక్ష్యమును ఎదుట పెట్టుకొని తర్కించిరి. తమకు నచ్చిన నిర్ణయమునకై సాక్ష్యమును వంచుట ఆయన పద్ధతి కాదు. తరువాతి చరిత్రకారులకు ఆయన యిచ్చిన పెద్ద ఆస్తి ఈ పద్ధతియే.

ఆయన ఆశలలోకెల్ల పెద్దది ఆంధ్రవిజ్ఞానసర్వస్వము. లోకమునందలి సమస్త విషయములను అకారాదిగా అమర్చి, ఇంగ్లీషువారి బ్రిటానికా వంటి మహాకోశమును తెలుగున నిర్మింపవలెనని ఆయన సంకల్పించిరి. అట్టి పనికి ఐరోపాలో వందలకొలది పండితులును, ధనవంతమైన ప్రచురణసంస్థలును ఉందురు. మదరాసులో లక్ష్మణరావుగారికి ఉండినది కొలదిమంది సహచరులు. వారిలో మల్లంపల్లి సోమశేఖరశర్మగారు, రాయప్రోలు సుబ్బారావుగారు మున్నగువారుండిరి. ఒక్కొక్క వ్యాసమునకు ముందు ఒక్కొక్క అడ్డంకి. విషయము తెలిసినవారికి తెలుగు రాదు. తెలుగు వచ్చినవారికి విషయము తెలియదు. ఒక పదమునకు తెలుగున సరియైన మాట లేనిచో సంస్కృతమునుండి కల్పించుటయా, వాడుకమాటను గ్రహించుటయా, అన్యభాషాపదమునే ఉంచుటయా యని తేల్చుకొనవలెను. వేదము, వ్యాకరణము, కాలగణనము, కావ్యము, అలంకారము మున్నగు విషయములపై పెక్కు వ్యాసములను ఆయనయే వ్రాసిరి. అథర్వవేదము, అబ్దము, అభిజ్ఞానశాకుంతలము, అష్టాధ్యాయి అను వ్యాసములు వేనికవే చిన్న గ్రంథములంతటివి.

మొదటి సంపుటము 1915 ప్రాంతమున వెలువడెను. మొత్తము మూడు సంపుటములు వచ్చినవి. అవి మూడును అకారముతో మొదలగు విషయములకే సరిపోయినవి. వర్ణమాలలో తొలి అక్షరముకడనే ఆ మహాప్రయత్నము నిలిచిపోయెను. ధనము చాలలేదు, చందాదారులు చాలలేదు, మొదటి ప్రపంచయుద్ధ కాలమున కాగితమునకు కరవు వచ్చినది. దీనిని పరాజయమని చెప్పువారు చెప్పవచ్చును. కాని ఆ మూడు సంపుటములను తెరచి చూచిన విద్యార్థికి ఒక్క సంగతి స్పష్టమగును: ఏ శాస్త్రమునైనను తెలుగున చెప్పవచ్చునను విషయము అచ్చట ఋజువైనది. సందేహమిక మిగిలినది ధనమును గూర్చియే గాని భాషను గూర్చి కాదు. తరువాత కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఆ పనిని తిరిగి చేపట్టి కొన్ని సంపుటములను వెలువరించిరి. స్వాతంత్ర్యానంతరము తెలుగు భాషాసమితివారి విజ్ఞానసర్వస్వమును, 1958లో ప్రారంభమైన సంగ్రహాంధ్ర విజ్ఞానకోశమును అదే బాట నడచినవి.

మదరాసునందు లక్ష్మణరావుగారి గృహము పండితులకు, విద్యార్థులకు, దేశసేవకులకు విడిదిల్లుగా నుండెను. కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1919 మే 27వ తేదీన తుదిశ్వాస విడిచినది ఆ యింటనే. మూఢాచారములతో జీవితమంతయు పోరాడిన వృద్ధసంస్కర్త చివరి దినములలో ఈ యువమిత్రుని చెంత సేదతీరెను. తెలుగునాట పాతతరము క్రొత్తతరమునకు పని నప్పగించిన తావులలో ఆ గృహమొకటి.

ఆయన జీవితమున ఒక చిక్కు కూడ కలదు. దానిని దాచుట చరిత్రకు న్యాయము కాదు. ఆయన సేవకు ఆధారము మునగాల సంస్థానపు కొలువు. ఆ సంస్థానమునకు ఆధారము రైతులు కట్టిన శిస్తు. ఆయన గతించిన పిదప 1930 దశాబ్దమున ఆ పరగణా రైతులు వెట్టిచాకిరికిని, జమీందారీ పీడనమునకును ఎదురుతిరిగి చాలకాలము పోరాడిరి. తెలుగున విజ్ఞానగ్రంథములు వెలయుటకు తోడ్పడిన ఆ సంస్థానపు పొలములలోని రైతుబిడ్డలకు ఆ గ్రంథములు ఎంతవరకు చేరినవను ప్రశ్న ఉండనే యున్నది. తక్కువ వెలకు పుస్తకము, ఊరికొక గ్రంథాలయము, తల్లిభాషలో శాస్త్రము అను ఆయన ఆశయమును, ఆ రైతుబిడ్డకును అందించినప్పుడే పూర్తి చేసినట్లగును.

విరామమెరుగని శ్రమచే ఆయన దేహము చితికినది. దివాను ఉద్యోగము, మండలి కార్యభారము, సర్వస్వపు సంపాదకత్వము, పరిశోధన. ఒక్కొక్కటియు ఒక్కొక్క మనిషికి చాలిన పని. 1923 జూలైలో, నలువదియారేండ్ల వయస్సున, లక్ష్మణరావుగారు మదరాసులో అస్తమించిరి. ఆయన చదువుకొన్న నాగపురమున విశ్వవిద్యాలయము ఏర్పడినది ఆ సంవత్సరము ఆగస్టులోనే. ఆంధ్రవిశ్వవిద్యాలయము 1926లో వెలసెను. హైదరాబాదున ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918 నాటికే యుండినను అందు బోధనాభాష ఉర్దూ. తెలుగునేలపై తెలుగున ఉన్నతవిద్య చెప్పు విశ్వవిద్యాలయము ఒక్కటియు లేని కాలమున ఆయన జీవించి, ఆ కొరతను పుస్తకములతో పూడ్ప ప్రయత్నించి వెళ్లిపోయిరి. కళాశాల విద్యార్థులకు తెలుగున పాఠ్యగ్రంథములను సమకూర్చుటకు తెలుగు అకాడమి ఏర్పడినది 1968లో; ఆయన మండలిని స్థాపించిన అరువదిరెండేండ్లకు.

ఆయన పేరు ఖమ్మము సీమకు మరియొక దారిని తిరిగివచ్చెను. మధిర ప్రాంతమునందలి దెందుకూరున పుట్టిన ఆదిరాజు వీరభద్రరావుగారు మొదలగు పరిశోధకులు హైదరాబాదులో చరిత్ర పరిశోధక సంఘమును నడుపుచు, దానికి లక్ష్మణరాయ పరిశోధక మండలియని పేరిడిరి. పల్లెపల్లెకు తిరిగి, గుళ్లలోను చేలగట్లపైనను పడియున్న రాళ్లపై వ్రాతలను అచ్చొత్తుకొని, వారు 1935లో తెలంగాణా శాసనములను ప్రకటించిరి. నాటి వరకు బట్టలుతుకు బండలుగా, గడపరాళ్లుగా మిగిలిన శిలలు మాటలాడ నారంభించినవి.

నేలకొండపల్లి దిబ్బను చూడబోవు నేటి విద్యార్థికి విరాటరాజు కథను చెప్పవలసినదే. ఆ పిమ్మట ఇటుక కొలతను, విగ్రహపు శిల్పరీతిని, శాసనపు లిపిని చూపి, ఇది ఏ కాలపుదో నీవే తేల్చుకొమ్మని అడుగవలెను. ఆ ప్రశ్నను వాని తల్లిభాషలోనే అడుగగలుగుటకు కావలసిన పదములలో పెక్కింటిని తీర్చిదిద్ది పెట్టినవారు లక్ష్మణరావు పంతులుగారు. పట్టభద్రుడు తన చదువునకు చెల్లింపవలసిన ఋణమొకటి కలదని ఆయన నమ్మిరి. అకారముతో మొదలుపెట్టి ఆ ఋణమును తీర్చుచు పోయిరి. మిగిలిన అక్షరములను చదువుకొన్నవారికి విడిచిపోయిరి.